మిషిన్ తీసుకోని చరణం

హన్మవ్వ గొంతు పోయి రెండేళ్లు దాటింది. పోవడమంటే పూర్తిగా మూగపోవడం కాదు. మెడ మీద గడ్డ తీయించుకుంటే ప్రాణం నిలిచింది గానీ, గొంతును ఆడించే నరం ఒకటి ఆ గడ్డతోపాటే పోయింది. ఇప్పుడామె మాట్లాడితే పొయ్యి ఊదే గొట్టంలోంచి గాలి వచ్చినట్టు వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకు వినబడుతుంది, గడప దగ్గరున్నవాళ్లకు వినబడదు. ఇంట్లో పిల్లలు ఆమెతో మాట్లాడేటప్పుడు తెలియకుండానే వాళ్లూ గుసగుసగా మాట్లాడతారు. అది చూసి ఆమెకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

అటువంటి మనిషి ఒకప్పుడు ఎట్లా పాడేదనుకున్నారు! చందూర్ అవతలి చెరుకు తోటల్లో సాలు చివర నిలబడి పాటెత్తుకుంటే, కాలువకు ఆ పక్క నాట్లేసే ఆడవాళ్లు నడుములెత్తి చూసేవాళ్లు. బోధన్ ఫ్యాక్టరీకి లారీల కొద్దీ చెరుకు పోయే రోజులవి. పన్నెండు మంది ఆడవాళ్ల జట్టు. కొట్టడంలో ఆమెకంటే చురుకైనవాళ్లు నలుగురైదుగురున్నారు, మోపు కట్టడంలో రేణుకమ్మ చేతిని మించిన చేయి లేదు. కానీ హన్మవ్వ పాట లేకపోతే ఆ జట్టుకు పని సాగేది కాదు. ఆమె ఒక వరస పాడితే మిగతా అందరూ 'చెల్లెలా' అని అందుకునేవాళ్లు. ఆ 'చెల్లెలా' మీదే కత్తులన్నీ ఒక్కసారి చెరుకు మొదట్లో దిగేవి.

ఆ పాటకు ఒక పద్ధతి ఉండేది. వరస పాతదే, చరణాలు మాత్రం ఏ రోజుకారోజు కొత్తవి. ఎదురుగా ఎవరుంటే వాళ్ల పేరు పాటలోకి వచ్చేది. కొత్త చీర కట్టుకుని పనిలోకి వచ్చిన కోడలు, గట్టుమీద కూర్చుని కునుకు తీసే లారీ డ్రైవరు, నీళ్ల బిందె ఆలస్యంగా తెచ్చిన ముసలాయన, చివరికి మేస్త్రీ కూడా. విడిగా మొహం మీద అనలేని మాటలన్నీ పాటలో అనేయొచ్చు. అన్నాక ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడికి మరునాటి పాటలో ఇంకో రెండు చరణాలు పెరిగేవి. అందుకని ఎంత పెద్ద మేస్త్రీ అయినా నవ్వేసి మొహం అటు తిప్పుకునేవాడు.

ఆ జట్టు మేస్త్రీ రాజారాం. ఇప్పుడతను చెరుకు వైపే చూడడు. మనిషి ఒళ్లు చేశాడు, తెల్లబట్టల్లోకి వచ్చాడు, ఊళ్లో ఏ పంచాయితీ అయినా అతని కుర్చీ వేశాకే మొదలవుతుంది. అతని భార్య భాగ్యలక్ష్మి ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఉన్నమాట చెప్పుకోవాలి, భాగ్యలక్ష్మి చెడ్డ మనిషి కాదు. హన్మవ్వ గొంతు ఆపరేషన్‌కు సొంత కూతురికి సెలవు దొరక్కపోతే, ఆసుపత్రిలో మూడు రోజులు మంచం పక్కన కూర్చుని గంజి తాగించింది ఆమే.

సంఘాలు పెట్టి పాతికేళ్లయిందని నిజామాబాద్‌లో పెద్ద సభ పెట్టుకున్నారు. ఒక్కో ఊరి సంఘానికి ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో తమ ఊరి ఫోటోలు పెద్ద తెర మీద ఒకదాని తర్వాత ఒకటి నడవాలి, వెనుక పాట రావాలి. ఫోటోలు కూర్చే పని హర్షిణిది. హన్మవ్వ కూతురి బిడ్డ, డిగ్రీ చదివింది, సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఆ పని ఇప్పించిందీ భాగ్యలక్ష్మే.

"సినిమా పాటలు అందరూ పెడ్తరు. మనది మన ఊరి పాటనే ఉండాలె. హన్మక్క పాట లేంది మన ఫోటోలెట్ల నడుస్తయే?" అంది భాగ్యలక్ష్మి.

"అమ్మమ్మ ఇప్పుడు పాడలేదు గదత్తమ్మా," అంది హర్షిణి.

"మీ తాత ఫోన్ల ఎక్కిచ్చిండు గదా! నాకెర్కలేదా? చేన్ల అందరు కొడుతుంటె గాయిన పాట ఎక్కిచ్చుకుంట కూసునెటోడు."

నిజమే. హన్మవ్వ పెనిమిటి రామ్‌దాస్‌కు ఒక చైనా ఫోన్ ఉండేది, దాని మోతకు బర్రెలు బెదిరేవి. పన్నెండు పదమూడేళ్ల కిందట దానిలోనే పాట ఎక్కించాడు. ఐదేళ్ల కిందట రామ్‌దాస్ పోయాడు, ఆయన వెనకే ఆ ఫోనూ పోయింది. బ్యాటరీ పూరీలాగా ఉబ్బింది. కానీ దానిలోని గోరంత మెమరీ కార్డును హన్మవ్వ కాటుక డబ్బాలో దాచిపెట్టుకుంది. ఈ లోకంలో ఆమె గొంతు మిగిలి ఉన్న చోటు అదొక్కటే.

కార్డు తెచ్చి హర్షిణి చేతిలో పెట్టి, ఆ పిడికిలిని తన చేత్తోనే మూసింది. పాట ఏదో ఆమెకు ఎరుకే. కమలమ్మ చరణం ఉన్న పాట.

కమలమ్మ ఆ జట్టులో మనిషే. మెథడిస్టు చర్చి పక్కన ఉండే ఏసయ్య భార్య. హన్మవ్వ పక్క సాలు ఎప్పుడూ కమలమ్మదే. ఆ ఏడు మార్చి నెల, సీజన్ ఆఖరు, ఎండ ముదిరింది. పొద్దుటి నుంచి కమలమ్మ ఛాతీ పట్టుకుంటూనే ఉంది. కళ్లు తిరుగుతున్నాయి, ఇంటికి పోతానంది. లారీ నిండాక పొమ్మన్నాడు రాజారాం. లారీ నిండింది. అప్పటికి కమలమ్మ ఆ లారీ నీడలోనే ఒరిగి ఉంది, లేపితే లేవలేదు. పన్నెండేళ్ల కూతురు ప్రిస్కిల్లా బడి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి లారీ కదిలి పోయింది, నీడ కూడా లేదు.

ఏ పంచాయితీ కాలేదు. ఎవరూ మేస్త్రీని ఒక్క మాట అడగలేదు. పదిరోజుల తర్వాత వేరే తోటలో, రాజారాం గట్టుమీద నిలబడి ఉండగా, హన్మవ్వ ఆ మాటను పాటలో పెట్టింది. అతను వింటుండగానే పాడింది. రాజారాం నవ్వలేదు, కోప్పడలేదు. చెప్పు కింద మట్టిగడ్డను చిదుపుతూ నిలబడ్డాడు. రామ్‌దాస్ ఫోన్‌లోకి ఎక్కింది ఆనాటి పాటే.

హర్షిణి కార్డును కంప్యూటర్‌కు పెట్టింది. ఫోటోల పక్కన పాట పెట్టబోతే కంప్యూటర్ తీసుకోలేదు. 'ఈ ఫైలు ఈ పద్ధతిలో పనికిరాదు' అని తెర మీద ఏదో వచ్చింది. తన ఫోన్‌లో వేసి చూసింది, పాటల పట్టీలో దాని పేరే కనబడలేదు. ఎవరో చెప్పారని పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపి 'ఎంపీత్రీ' అని రాసింది. ఈసారి కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసుకుంది. ఫోటోల మీద చిన్న స్పీకరు బొమ్మ కూడా వచ్చింది.

"వచ్చింది అమ్మమ్మా!" అని ఎగిరి, నొక్కింది.

ఫోటోలు నడిచాయి. సంఘం మొదటి మీటింగు, చాపల మీద ఆడవాళ్లు, కుట్టు మిషన్లు, పసుపు ఆరబోసిన కళ్లం. అన్నీ నడిచాయి. సప్పుడు లేదు.

"ఇనొస్తలేదే," అంది హన్మవ్వ గాలి గొంతుతో.

"సౌండ్ పెంచిన అమ్మమ్మా. అయినా వస్తలేదు."

"నా లెక్కనే అయింది దాని కత. నోరైతె తెరుస్తున్నది."

భాగ్యలక్ష్మి పకపకా నవ్వింది. "ఎట్లనన్న చేసి తెరిపియ్యాలె. నిజామాబాద్ తీస్కపో హర్షిణీ. పెండ్లి వీడియోలు చేసెటోళ్లకు తెలుస్తది. ఈ పాట మనకు కావాలె, ఏం చేస్తవో నాకెర్కలేదు."

మరునాడు అమ్మమ్మా మనవరాలూ ఆధార్ కార్డులు చూపించి నిజామాబాద్ బస్సెక్కారు. బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో రాజశేఖర్ అనే అతని దుకాణం ఉంది. పెళ్లి వీడియోలు, పుట్టినరోజు ఫోటోల పాటలు చేస్తాడు. దుకాణం నిండా తీగలు. కార్డు పెట్టి చూసి, ఒక్క నిమిషంలో నవ్వాడు.

"పేరెవరు మార్చిండ్రు దీనిది?"

"నేనే అన్నా," అంది హర్షిణి తలొంచుకుని.

"ఇది పాత ఫోన్ల పద్ధతిల ఎక్కిచ్చింది. ఏఎంఆర్ అంటరు. ఫోటోల్లకు అది పోదు. నువ్వు పైన పేరు మార్చినవ్, లోపల సరుకు మారలే." హన్మవ్వకు అర్థమవుతుందో లేదో అని ఆమె వైపు తిరిగాడు. "అవ్వా, మీది చెరుకు దిక్కే గదా? రసం ఒక్కటే. గానుగ కాడ కాస్తె బెల్లమైతది, ఫ్యాక్టరీకి పోతె చక్కెరైతది. బెల్లం డబ్బా మీద చక్కెర అని చీటీ అంటిస్తె అది చక్కెరైతదా?"

"కాదు బిడ్డా. మల్ల కరగవెట్టి కాయాలె," అంది హన్మవ్వ.

"గంతే! గా కాసుడు నేను చేస్త. పాట పోదు, పాటల ఒక్క మాట పోదు. పొయ్యెక్కే గిన్నె మారుతది."

హన్మవ్వకు ఆ మాట ఎంతో నచ్చింది. ఒక మాట పోదు. రాజశేఖర్ పేరును మళ్లీ పాతదానిలాగే రాశాడు, ఇంకో దానిలో తెరిచాడు, ఎంపీత్రీగా చేయమని నొక్కాడు. ఆకుపచ్చ గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అంతే. ఆసుపత్రి చుట్టూ ఎన్ని నెలలు తిరిగినా బాగుపడనిది ఇక్కడ అర నిమిషంలో బాగుపడింది.

ముందు గాలి వచ్చింది. తర్వాత చెరుకు ఆకు గరగర. ఎవరో దగ్గారు. ఆ తర్వాత దుకాణం నిండా ఆమె గొంతు లేచింది.

కొట్టవే చెల్లెలా, కొస దాక కొట్టవే...

'చెల్లెలా' అని జట్టు అందుకుంది. ఫట్‌మని కత్తుల సప్పుడు.

హన్మవ్వ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు తనదేనా? అంత పొగరా అప్పట్లో తనకు? పైకి పోయేటప్పుడు భయం లేదు, దిగేటప్పుడు తొందర లేదు. కళ్లలోంచి నీళ్లు వస్తున్నా తుడుచుకోవాలని తోచలేదు. ఎదురు దుకాణంలో జిరాక్సు తీస్తున్న ఆడమనిషి పని ఆపి గుమ్మంలోకి వచ్చింది.

నాలుగో చరణం వచ్చింది.

కండ్లు తిరిగె కమలమ్మకు, కాసిన్ని నీళ్లడిగె, చెల్లెలా
లారి నిండనీయవే అనె రాజారం మేస్త్రి, చెల్లెలా
లారి నిండె, పొద్దు గుంకె, లేవదాయె కమలమ్మ, చెల్లెలా...

హర్షిణి మొహంలో రంగు మారింది. హన్మవ్వ గమనించలేదు. గమనించినా ఆమెకు తట్టేది కాదు. పాటలో అన్న మాటకు కోపమేమిటి? మొహం మీదే పాడింది కదా అప్పుడు!

"ప్రిస్కిల్లకు ఫోన్ కొట్టు," అంది.

ప్రిస్కిల్లా ఇప్పుడు ముప్కాల్‌లో ఉంటుంది, అక్కడి ఆశా కార్యకర్త. హన్మవ్వ ఫోన్‌లో మాట్లాడితే గాలి తప్ప ఏమీ వినబడదు. అందుకని ఆమె చెవిలో చెప్పడం, హర్షిణి ఫోన్‌లో గట్టిగా చెప్పడం. అలా జరిగింది.

"అక్కా, అమ్మమ్మ అంటున్నది... పాట దొరికింది అని. ... మీ అమ్మ పేరు ఇనొస్తున్నది అని." హర్షిణి ఒక్క క్షణం ఆగింది. హన్మవ్వ మోచేత్తో పొడిచింది. "... నిజామాబాద్ సభల, అందరి ముందట, మీ అమ్మ పేరు మైకుల వస్తది, తప్పక రావాలె అంటున్నది."

అటు నుంచి, "సెలవు పెట్టి వస్తనని చెప్పు పెద్దమ్మకు," అని వినిపించింది.

బస్సులో తిరిగి వస్తూ హన్మవ్వ రెండేళ్ల తర్వాత మొదటిసారి కిటికీ అంచు మీద వేళ్లతో తాళం వేసింది. హర్షిణి మాత్రం బయటికే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం సంఘం ఆఫీసులో భాగ్యలక్ష్మి వింది. మొదటి మూడు చరణాలకూ తలూపింది, చేతులు చరిచింది, "అబ్బ, హన్మక్కా!" అని భుజం మీద కొట్టింది. నాలుగో చరణం అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుంది. పాట చివరిదాకా పోయి ఆగిపోయింది.

"ఇది తెరుసుకోకుంటెనే మంచిగుండె," అంది చివరికి.

లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"హర్షిణీ, ఫైలు తెరుసుకుంటలేదని చెప్దమా? నిన్నటి దాక తెరుసుకోలేదు గదా. అబద్ధం కూడ కాదు."

"పాటల అన్నదే గద భాగ్యా," అంది హన్మవ్వ. "గాయినె ముందటనే పాడిన. గాయినె ఇన్నడు. అప్పుడు లేని కోపం ఇప్పుడేంది?"

"అప్పుడు చేన్ల అక్కా. పదిమందిమి మనమే. ఇప్పుడు ఊరూరి సంఘాలు వస్తయి. పెద్ద సార్లు వస్తరు. ఆయన ముందటి వరసల కూసుంటడు. ఇంత పెద్ద తెర, గంత పెద్ద డబ్బాలు..." భాగ్యలక్ష్మి చాచిన చేతులు దించింది. "నేను వద్దంటలేను. నీ పాట నీ ఇష్టం. ఆయన మూడు నెలలు నిద్ర పోలే అక్కా ఆ యేడు. అది నాకొక్కదానికే ఎరుక. ఎవ్వలకు చెప్పుకోను?"

ఆ మాట హన్మవ్వకు తెలియదు. ఆసుపత్రిలో గంజి గ్లాసు పట్టుకున్న చేతులు ఎదురుగా కనబడుతున్నాయి. భాగ్యలక్ష్మి ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే తిరగబడడం సులువయ్యేది.

హర్షిణి మెల్లగా అంది: "అమ్మమ్మా, ఒకటి చేయొచ్చు. పాట అంతా పెడ్త. ఆ ఒక్క చరణం తీసేస్త. పద్నాలుగు సెకండ్లే."

తెర మీద పాట బొమ్మ చూపించింది. సాలులో చెరుకు నిలబడ్డట్టు ఎత్తుగా, పొట్టిగా గీతలు. మూడు చరణాలు, నాలుగోది, ఇంకో రెండు. నాలుగోదాన్ని హర్షిణి నీలంగా చేసి చూపించింది. బెత్తెడు కూడా లేదు.

"ఇదేనా కమలమ్మ?" అంది హన్మవ్వ.

"ఇదే."

"తీయకపోతె?"

హర్షిణి భాగ్యలక్ష్మి వైపు చూసింది. భాగ్యలక్ష్మి చీర కొంగు మడత పెడుతోంది. "తీయకపోతె పాట వద్దు అమ్మమ్మా. వేరే ఏదన్న పాట పెట్టుకుందం."

హన్మవ్వ ఆ నీలం ముక్కను చాలాసేపు చూసింది. ఆమె మనసులో ఏం నడిచిందో చెప్పుకుంటే ఆమెకే సిగ్గు. కమలమ్మ గుర్తొచ్చింది, లేదని కాదు. కానీ కమలమ్మకంటే ముందు బతుకమ్మ ఆట గుర్తొచ్చింది. మొన్నటి బతుకమ్మకు ఆడవాళ్ల గుంపులో తను ఉత్త చప్పట్లు కొట్టుకుంటూ తిరిగింది, కొత్తగా ఊరికొచ్చిన కోడలొకతె "ఈ ముసలామెకు పాట రాదా?" అని పక్కామెను అడిగింది. పక్కామె కూడా చెప్పలేదు. ఒక్కసారి. ఒక్కసారి ఆ గొంతు అందరూ వినాలి. కమలమ్మ ఉంటే తనే కొయ్యమనేది, కమలమ్మది మెత్తని మనసు, అని తనకు తానే చెప్పుకుంది. చచ్చినవాళ్ల తరఫున మాట్లాడడం ఎంత సులువో!

"కొయ్యి," అంది.

హర్షిణి ఒక్క మీట నొక్కింది. నీలం ముక్క పోయింది. అటూ ఇటూ ఉన్న గీతలు దగ్గరికి జరిగి అతుక్కున్నాయి. మళ్లీ వినిపించింది. మూడో చరణం తర్వాత ఐదోది తిన్నగా వచ్చింది, కత్తుల సప్పుడు కూడా తప్పలేదు. ఎక్కడ కోసిందో హన్మవ్వకే పట్టు దొరకలేదు. అదే ఆమెకు అన్నిటికంటే బాధయింది.

ప్రిస్కిల్లాకు ఫోన్ చేసి చెప్పాలని ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు అనుకుందో! కానీ ఆమె మాట ఫోన్‌లో వినబడదు. హర్షిణితో చెప్పించాలి. హర్షిణి తనంత తానుగా అడగలేదు, ఈమె చెప్పమనలేదు.

సభ రోజు హాలు కిటకిటలాడింది. వెనకటి జట్టులో హన్మవ్వ కాక ఐదుగురు బతికి ఉన్నారు, రేణుకమ్మ తక్కిన నలుగుర్నీ పోగు చేసి మూడో వరసలో కూర్చోబెట్టింది. ముందు వరసలో తెల్లబట్టలతో రాజారాం. ప్రిస్కిల్లా ముప్కాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఇస్త్రీ చీర, మెడలో సన్నని సిలువ. వచ్చి హన్మవ్వ చేయి రెండు చేతుల్లోకి తీసుకుని, "పెద్దమ్మా, బాపును గూడ తెద్దామనుకున్న, మోకాళ్లు నడువనియ్యలె. ఎక్కిచ్చుకొచ్చి ఇనిపియ్యమన్నడు," అని ఫోన్ చూపించింది. హన్మవ్వ ఏదో అంది. ఆ మోతలో ఆమె ఏమన్నదో ప్రిస్కిల్లాకు వినబడలేదు.

ఫోటోలు మొదలయ్యాయి. హర్షిణి పాటను వేరేగా కూడా పెన్‌డ్రైవులో పెట్టుకొచ్చింది, హాలు కంప్యూటర్ ఎక్కడ మొరాయిస్తుందోనని. ఏదీ మొరాయించలేదు. హన్మవ్వ గొంతు ఆ పెద్ద డబ్బాల్లోంచి లేచేసరికి హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. ప్రిస్కిల్లా ఫోన్‌ను తల మీదికెత్తి పట్టుకుంది.

పాట మొదటి పాదానికే మూడో వరసలోని ఆడవాళ్లు మెడలు నిక్కించారు. రేణుకమ్మ 'చెల్లెలా' అంది, ముందు మెల్లగా. రెండో పాదానికి ఐదుగురూ అందుకున్నారు. వాళ్ల వెనకవాళ్లు, ఆ పక్కవాళ్లు. మూడో చరణానికి సగం హాలు 'చెల్లెలా' అంటోంది. ఎవరో "ఎవరమ్మా పాడేది?" అని అడిగితే రేణుకమ్మ వేలితో చూపించింది. తలలన్నీ ఇటు తిరిగాయి. హన్మవ్వ కోరుకున్నదంతా ఆ నిమిషంలో ఆమెకు దొరికింది.

మూడో చరణం అయిపోయింది. రేణుకమ్మ, తక్కిన నలుగురూ ఊపిరి తీసుకుని, నోళ్లు తెరిచి, కమలమ్మ పేరు కోసం సిద్ధమయ్యారు. ఇన్నేళ్లయినా ఆ నోళ్లకు దారి తెలుసు. పాట ఐదో చరణంలోకి దూకింది. వాళ్ల 'చెల్లెలా' రాని మాట మీద పడి, తప్పింది. వెనక హాలు పాడుతూనే ఉంది, వాళ్లకేం తెలుసు! ఈ ఐదుగురే ఆగిపోయారు. రేణుకమ్మ తెర వైపు చూసింది. తర్వాత ముందు వరసలో తెల్లచొక్కా వీపు వైపు చూసింది. తర్వాత హన్మవ్వ వైపు చూసి, కళ్లు దించుకుంది.

ప్రిస్కిల్లా చేయి ఇంకా పైకే ఉంది. ఆమెకు పాట రాదు కదా. అమ్మ పేరు ఇంకా ముందు వస్తుందని చూస్తోంది. పాట అయిపోయి, చప్పట్లు అయిపోయి, వేరే ఊరి ఫోటోలు మొదలైనాక గానీ ఆ చేయి దిగలేదు.

బయట రాజారాం ఎదురుపడి, "హన్మక్కా, ఏం గొంతు నీది! పాత రోజులన్నీ యాదికొచ్చినయ్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ కళ్లు కలపలేదు. భాగ్యలక్ష్మి అతని మోచేయి పట్టుకుని కారు వైపు నడిపించుకు పోయింది.

బస్టాండులో బోధన్ వైపు బస్సు కోసం నిలబడ్డప్పుడు ప్రిస్కిల్లా అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ పేరు రాలె గదా?"

హన్మవ్వ మనవరాలి వైపు చూసింది. మనవరాలు ఫోన్‌లో చూపు పెట్టింది.

"మిషిన్ తీసుకోలె బిడ్డా," అంది హన్మవ్వ.

"గా రోజు దుకాణంల ఇన్నమంటిరి?"

"గది చిన్న మిషిన్. హాల్ల పెద్దదానికి... గా ముక్క వడలె."

"అట్లనా హర్షిణీ?"

"ఫార్మాట్ ప్రాబ్లమక్కా," అంది హర్షిణి. "పాత ఫైలు గదా. అక్కడక్కడ పోతది."

ప్రిస్కిల్లా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపంగా కాదు. ఇంటింటికీ తిరిగి మందులేసుకున్నారా అని అడిగేటప్పుడు, వేసుకున్నామని అబద్ధం చెప్పేవాళ్లను ఎట్లా చూస్తుందో, అట్లా చూసింది.

"అందరి ముక్కలు ఉన్నయి. మా అమ్మ ముక్క కాడనే వచ్చిందా ప్రాబ్లం?"

ముప్కాల్ వైపు పోయే బస్సు వచ్చి నిలబడింది, కండక్టర్ పిలుస్తున్నాడు. ప్రిస్కిల్లా పోలేదు.

"సరే. నేనెక్కిచ్చిన దాంట్ల హాలు మోతనే ఉన్నది, ఉన్నంతనే నాకు పంపియ్యి హర్షిణీ. ఇల్లు చేరంగనే బాపు అడుగుతడు."

హర్షిణి ఫోన్‌లో రెండు పాటలూ ఉన్నాయి. నిండుదీ, కోసిందీ. హన్మవ్వకు చదువు రాకపోయినా రెంటినీ గుర్తుపడుతుంది. ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి. హర్షిణి వేలు రెంటి మీదా ఆగి, అమ్మమ్మ మొహంలోకి చూసింది. నిండుది పంపితే అబద్ధం బయటపడుతుంది. కోసింది పంపితే అబద్ధమే నిజమైపోతుంది. మనవరాలు తన నోటి మాట కోసం చూస్తోందని హన్మవ్వకు తెలుసు. గొంతు పోయినదానికి తల ఊపడానికేం అడ్డం? ఇటు ఊపినా చాలు, అటు ఊపినా చాలు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బస్సుల వైపు తిరిగింది.

హర్షిణి పంపింది పొడుగుదో పొట్టిదో హన్మవ్వ చూడలేదు. ప్రిస్కిల్లా ఫోన్ టింగుమంది. ఆమె అక్కడే, ఆ బస్సుల మోతలో, ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చెవిని వేలితో మూసుకుంది. హన్మవ్వా హర్షిణీ ఎక్కాల్సిన బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు తిరిగి బయటికి పోతున్నప్పుడు చూస్తే, ప్రిస్కిల్లా ఇంకా అక్కడే నిలబడి ఉంది. పాట ఒకసారి అయిపోయినట్టుంది. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటోంది.